భూగర్భంలో నౌకాశాల.. పైన ఆకాశహర్మ్యాలు!

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున డెట్‌ఫర్డ్ వద్ద 40 ఎకరాల స్థలం ఒకటుంది. అక్కడి గిడ్డంగులు 2000లో మూతపడిన తరువాత చాలా ఏళ్లపాటు కాంక్రీటు నేల, ఒక పాత ఇనుప షెడ్డు తప్ప చూడటానికి ఏమీ లేదు. కానీ ఆ కాంక్రీటు కిందే 1513లో ఎనిమిదో హెన్రీ నెలకొల్పిన రాజనౌకాశాల ఉంది. అక్కడ 3,500 ఇళ్లు నిర్మించాలన్న ప్రణాళికే వివాదానికి మూలమయింది.

మూడున్నర శతాబ్దాలపాటు ఇంగ్లండ్ నౌకాదళానికి ఓడలు సమకూర్చిన కేంద్రమిది. ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఫ్రాన్సిస్ డ్రేక్ 1581లో ఎలిజబెత్ రాణి సమక్షంలో నైట్ బిరుదు అందుకున్నది డెట్‌ఫర్డ్ వద్దనే. 1768లో కెప్టెన్ కుక్ యాత్రకు ఎండెవర్ నౌకను సిద్ధం చేసిందీ ఇక్కడే. 1611లో మచిలీపట్నానికి గ్లోబ్ నౌకను పంపిన ఈస్టిండియా కంపెనీకి కూడా ఆ రోజుల్లో డెట్‌ఫర్డ్‌లోనే సొంత యార్డు ఉండేది.

నౌకాశాలను ఆనుకొని రచయిత జాన్ ఎవెలిన్ పెంచిన సేయిస్ కోర్ట్ ఉద్యానవనం ఉండేది. నౌకానిర్మాణం నేర్చుకోవడానికి 1698లో వచ్చిన రష్యా చక్రవర్తి పీటర్ ఆ ఇంట్లోనే బస చేశారు. తోపుడుబండిలో కూర్చుని పచ్చని కంచెల్లోకి దూసుకెళ్లడం ఆయనకు వినోదంగా ఉండేదట! నష్టాన్ని లెక్కగట్టడానికి సుప్రసిద్ధ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్‌ను రప్పించవలసి వచ్చింది. అదే తోటను ప్రజలకు దక్కేలా చూడాలని 1880లలో ఎవెలిన్ వంశీకులు చేసిన ప్రయత్నం నుంచే నేషనల్ ట్రస్ట్ ఆలోచన మొలకెత్తింది.

1869లో నౌకాశాల మూతపడింది. తరువాత ఆ స్థలం పశువుల సంతగా, సైనిక డిపోగా, న్యూస్‌ప్రింట్ గిడ్డంగిగా మారింది. డాకులను పగలగొట్టే శ్రమ లేకుండా మట్టితో పూడ్చివేశారు. అందువల్లనే అవి మిగిలాయి. 2010 తరువాత జరిగిన తవ్వకాల్లో ఓడలను నీటిలోకి దించే వాలు వేదికలు, తెరచాప స్తంభాలను నానబెట్టే కొలనులు, డ్రైడాక్ గోడలు బయటపడ్డాయి. నేల మీద నిలిచినవి మాత్రం బహు తక్కువ. ప్రధాన నౌకాశిల్పి నివసించిన భవనం, ఒలింపియా అని పిలిచే 1840ల నాటి ఇనుప షెడ్డు, నదీతీరపు గోడ చెప్పుకోదగినవి. ట్యూడర్ కాలపు గోదామును గత శతాబ్దంలోనే కూల్చివేశారు. 1513 అని చెక్కిన దాని శిలాఫలకం యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చేరింది.

స్థలాన్ని కొన్నది హాంకాంగ్‌కు చెందిన హచిసన్ వాంపోవా. మన దేశంలో 2007 వరకు హచ్ ఫోన్ల వ్యాపారంలో ఉన్న సంస్థ ఇదే. లండన్‌లో ఇళ్ల కొరత తీవ్రమన్నది ప్రణాళికను సమర్థించేవారి వాదన. అవశేషాలను నేలలోనే భద్రపరిచి పైన కట్టడాలు లేపుతామని వారు చెబుతారు. అయితే భద్రపరచడమంటే ఏమిటన్నదే ఇక్కడి చిక్కు. ఎత్తైన భవనాలకు లోతైన పైల్ పునాదులు తప్పవు. తడి మట్టిలో శతాబ్దాలుగా చెక్కుచెదరని కలప, తేమ తగ్గితే కుళ్లిపోతుంది. ట్యూడర్ గోదాము పునాదులకు చట్టబద్ధమైన రక్షిత స్మారక హోదా ఉంది. తక్కిన డాకులకు అది దక్కలేదు. కంటికి కనిపించని వారసత్వానికి గట్టి రక్షణ సాధించడం ఎక్కడైనా కష్టమే.

అందుకే స్థానికులు కేవలం వద్దని ఊరుకోలేదు. డాకుల ఆకృతే కొత్త పేటకు పటం కావాలని కోరారు. 1678లో ఇక్కడే నిర్మించిన లెనాక్స్ యుద్ధనౌక నమూనాను అదే స్థలంలో తిరిగి కట్టాలని, సేయిస్ కోర్ట్ తోటను పునరుద్ధరించాలని రెండు ప్రతిపాదనలు ముందుకు తెచ్చారు. 2013లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ నౌకాశాలను, తోటను ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది.

స్థానిక లూయిషమ్ కౌన్సిల్ పరిశీలనలో ఉన్న దరఖాస్తును అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ తన చేతిలోకి తీసుకున్నారు. 2014 మార్చిలో ఆమోదముద్ర వేశారు. స్థానికుల ప్రతిపాదనలకు కూడా తోడ్పడాలని సంస్థకు సూచించారు. అది స్థూల అనుమతి మాత్రమే. ఒక్కొక్క భవనం వివరాలకు మళ్లీ కౌన్సిల్ సమ్మతి పొందాలి. తొలి భవనాల వివరాలకు 2020లో ఆ సమ్మతి లభించింది.

ఇదే నౌకాదళానికి చెందిన చాతమ్ నౌకాశాల 1984లో మూతపడగా, దాని చారిత్రక భాగాన్ని ఒక ట్రస్టుకు అప్పగించారు. తాళ్లు పేనే పొడవాటి శాల, ఓడలతో సహా అది నేడు సందర్శకులకు తెరిచి ఉంది. డెట్‌ఫర్డ్ 115 ఏళ్లు ముందే మూతపడింది. అప్పటికి అలా అప్పగించడానికి నేషనల్ ట్రస్ట్ కూడా పుట్టలేదు.