తాడు వయస్సెంత?



కెనడా దేశపు పడమటి అంచున వాంకూవరు నగరము కలదు. దానికి ఉత్తరముగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున విస్లరు, బ్లాక్‌కూంబు అను రెండు పర్వతములు ఎదురెదురుగా నిలిచియున్నవి. చలికాలమున జనులు పాదములకు పొడవైన పలుచని పట్టెలు బిగించుకొని, ఆ కొండల మంచుమీద పైనుండి క్రిందికి జారుదురు. దీనినే స్కీ ఆట యందురు. జారుట సుఖమే కాని, ఎక్కుట కష్టము. అందుచే కొండపొడవునను స్తంభములు నాటి, వాటిమీదుగా ఉక్కుతాటిని చుట్టుత్రిప్పి, దానికి కుర్చీలనో చిన్న గదులనో వ్రేలాడదీసి మనుష్యులను పైకి చేరవేయుదురు. కుర్చీలదానిని లిఫ్టు అనియు, గదులదానిని గండోలా అనియు పిలుతురు. ఇట్టి క్షేత్రములలో ఉత్తర అమెరికాయందు మిక్కిలి పెద్దవానిలో విస్లరు ఒకటి.

2024 వేసవిలో మా అమ్మాయి యింటికి వెళ్లినప్పుడు మేము ఆ కొండ చూడబోయితిమి. మంచు లేని కాలమున గూడ యాత్రికుల కొరకు గండోలాలు నడచుచుండును. నా భార్య గది తలుపునొద్ద ఆగి, "ఈ తాడు వయస్సెంత?" అని యడిగెను. మా అల్లుడు నవ్వెను. నేను నవ్వలేదు. మోటబావి యొద్ద పెరిగిన వారు అడుగదగిన ప్రశ్నయే అది.

ఆ ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. మేమెక్కిన గండోలాను కట్టినది 1988లో. మేము కూర్చుండిన గదిని మార్చినది 2014లో. తాడు అరిగినకొలది మారుచుండును. మన మోటలో తాడు తెగినచో క్రొత్తతాడు పేనుదుము. గిలక ఇరుసు అరిగినచో వడ్రంగిని పిలుతుము. గిలకను మోయు రాతికంబములను మాత్రము ఎవ్వరును తట్టి చూడరు. కొండమీది యంత్రమునకు గూడ ఇట్లే భాగమునకొక వయస్సు. కంటికి కనబడునది క్రొత్తదై, కనబడనిది పాతదై యుండవచ్చును.

ఈ కుర్చీలిఫ్టు పుట్టుక వింతయైనది. 1936లో అమెరికాలోని ఐడహో రాష్ట్రమున సన్ వ్యాలీ అను చోట ఒక రైలుకంపెనీవారు మొదటిదానిని నిర్మించిరి. దానిని ఊహించిన ఇంజనీరు జేమ్స్ కర్రన్. అతడు అంతకుముందు ఓడలలోనికి అరటిగెలల నెక్కించు తాటియంత్రములను ఎరిగినవాడు. కొక్కెమునకు గెల వ్రేలాడినట్లే కుర్చీలో మనిషి ఎందుకు వ్రేలాడరాదని అతడు తలచెను. గెల జారిపడినచో నష్టము కొద్దియే; మనిషి సంగతి వేరు. ఆ నాటినుండి ఇంజనీర్ల పాట్లన్నియు ఈ భేదమును గూర్చియే.

పాతరకపు లిఫ్టులో కుర్చీ తాటికి శాశ్వతముగా బిగింపబడియుండును. కదలుచున్న కుర్చీలో మనిషి కూర్చుండవలయును గనుక దానిని వేగముగా నడుపరాదు. సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు నడచును. క్రొత్తరకములో కుర్చీకి కమ్మరి పట్టుకారు వంటి ఇనుపపట్టు ఉండును. స్టేషను చేరగానే అది తాటిని విడుచును. కుర్చీ మెల్లగా సాగుచుండగా జనులు కూర్చుందురు. మరల తాటిని కరచుకొని, సెకనుకు అయిదు మీటర్ల వేగముతో పైకి పోవును. పనితనము గొప్పదే. కాని ప్రతి చుట్టునకు రెండుమార్లు విడిచి రెండుమార్లు పట్టవలసిన ఆ పట్టు, తాటికన్న ఎక్కువ కనిపెట్టి చూడదగినదయ్యెను.

1995 డిసెంబరు 23వ తేదీన విస్లరు కొండమీద క్విక్‌సిల్వరు అను లిఫ్టు హఠాత్తుగా ఆగినప్పుడు, పట్టు నిలువక ఒక కుర్చీ తాటివెంట జారి మరియొకదానిని ఢీకొనెను. కొన్ని కుర్చీలు నేలగూలెను. ఇద్దరు మరణించిరి. ఆ లిఫ్టు కట్టి అయిదేండ్లు నిండలేదు! ముసలితనము కాదు, పట్టు కల్పనలోని లోపమే ప్రాణములు తీసెను. తరువాత దానిని తొలగించి ఆ త్రోవన గండోలా వేసిరి.

రెండవ ఉదంతము 2008 నాటిది. ఆ యేడు డిసెంబరు 12న రెండు కొండల శిఖరప్రాంతములను కలుపు గొప్ప గండోలాను ప్రారంభించిరి. నడుమ స్తంభమే లేక తాడు మూడు కిలోమీటర్లకు పైగా సాగును. లోయకు 436 మీటర్ల ఎత్తున గదులు పోవును. దానికైన వ్యయము సుమారు 5 కోట్ల డాలర్లు. లోకమంతయు దానిని చూచి మెచ్చుకొనుచుండగా, నాలుగు దినములకే, 16వ తేదీన, 1994లో కట్టిన ఎక్స్‌కాలిబరు అను మరియొక గండోలా స్తంభము అతుకువద్ద విడిపోయి కూలెను. ఆ స్తంభము బోలుగానుండును. లోనికి నీరు చేరి గడ్డకట్టెను. నీరు గడ్డకట్టునప్పుడు ఉబ్బును. నీరు నిండిన సీసాను గడ్డకట్టు పెట్టెలో నుంచినచో పగులుట మీ పిల్లల యిండ్లలో చూచియుందురు. అట్లే ఉక్కు విడిపోయెను. యాభైమందికి పైగా గదులలో చిక్కుకొనిరి. కొందరికి దెబ్బలు తగిలెను గాని, దైవవశమున ఎవ్వరును మరణింపలేదు.

ఇక ధనము మాట. 2016 ఏప్రిలులో ఆ కొండల యజమానులు 34 కోట్ల 50 లక్షల కెనడా డాలర్లతో ఒక పథకమును ప్రకటించిరి. అందులో ప్రధానమైనది కొండక్రింద కప్పువేసిన జలక్రీడాశాల. దీనిని వెఱ్ఱియని కొట్టివేయరాదు. సముద్రము దగ్గరగుటచే కొండ అడుగున మంచుకు బదులు వాన కురియు దినములు పెక్కులు. భూమి వేడెక్కుచున్నకొలది అవి హెచ్చగును. వానను నమ్మి సేద్యము చేయువాడు నాలుగు గేదెలనుగూడ కట్టుకొనుట వంటిదే వారి యాలోచన. ఆ యేడాదిలోనే అమెరికాకు చెందిన వెయిల్ రిసార్ట్స్ కంపెనీ ఆ క్షేత్రమును సుమారు 140 కోట్ల కెనడా డాలర్లకు కొనెను. క్రొత్త యజమానులు జలక్రీడాశాలను పక్కనబెట్టి, 2018లో 6 కోట్ల 60 లక్షల డాలర్లు లిఫ్టులమీద వెచ్చించిరి. 1987 నాటి రెండు లిఫ్టులను తీసి ఒక గండోలా వేసిరి. ఎమరాల్డు అను నాలుగాసనముల లిఫ్టు స్థానమున ఆరాసనములది పెట్టి, తీసిన పాతదానిని పారవేయక, అంతకన్న చిన్నదియగు క్యాట్‌స్కిన్నరు లిఫ్టు చోటికి తరలించిరి. ఈ పొదుపు నాకు నచ్చినది. 2022, 2023, 2024లలో గూడ లిఫ్టులను మార్చిరి.

నా మట్టునకు వీరు చేసినదే మేలనిపించును. అయినను ఈ మార్పులన్నియు ముసలితనమును చూచి చేసినవని భ్రమపడరాదు. ఆ కంపెనీ ఋతువునకు ముందే టిక్కెట్లమ్మును. జనము పెరుగును, వరుసలు పెరుగును. గుంపెక్కువైన చోటనే ముందు క్రొత్త లిఫ్టు వచ్చును. పైగా వరుస తగ్గినంతమాత్రమున గుంపు తగ్గదు. క్రింద నిలిచినవారు జారుడుబాటమీద చేరుదురు. జనసమ్మర్దము లేని మూలనున్న పాతలిఫ్టు తన వంతుకై వేచియుండవలసినదే. అంతవరకు దానిని కాపాడునవి రెండే: పట్టులను విప్పి పగుళ్లు వెదకు పనివాని ఓర్పు, తాటిలో లోపల తెగిన పోగులను పైనుండియే కనిపెట్టు అయస్కాంతపరీక్ష. విడిభాగములు చేయువారు చేయుట మానినప్పుడు మాత్రము ఎంత ఓర్పున్నను చాలదు. పాతలిఫ్టులలో తాటికన్న ముందు పనికిమాలునది తఱచుగా విద్యుత్తు పెట్టెయే.

ఇదంతయు నేను గండోలాలో కూర్చుండి నా భార్యకు చెప్పితిని. ఆమె సగమే వినెను. దిగివచ్చునప్పుడు మాత్రము కిటికీనుండి చూచుచు, స్తంభములను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుచుండెను.