దివిటిపల్లి బ్యాటరీలో పొడి ఎక్కడిది?

హైదరాబాద్ నుంచి బెంగళూరు వైపు వెళ్తుంటే జడ్చర్ల దాటాక దివిటిపల్లి వస్తుంది. మహబూబ్‌నగర్ పక్కనే. 2023 మేలో ఇక్కడ అమరరాజా గిగా ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. 262 ఎకరాలు, పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, 4,500 మందికి ప్రత్యక్ష ఉద్యోగాలు అని ప్రకటించారు. తట్టా పారా పట్టుకుని ఊళ్లు దాటి వెళ్లి డ్యాములు, కాలువలు కట్టిన పాలమూరుకు ఇది చిన్న విషయం కాదు.

మరి బ్యాటరీ మొత్తం ఇక్కడే తయారవుతుందా? అసలు సంగతి అక్కడే ఉంది.

బ్యాటరీ ప్యాక్ అంటే సెల్స్‌ని కలిపి, వైరింగ్ చేసి, కంట్రోల్ సర్క్యూట్ పెట్టి డబ్బాలో బిగించడం. 2024 ఆగస్టులో దివిటిపల్లిలో ముందు మొదలైంది ఈ పనే. సెల్ చేయడం ఇంతకంటే కష్టం. సెల్ లోపల కాథోడ్‌కి వాడే నల్లటి పొడి చేయడం ఇంకా కష్టం. ఎలక్ట్రిక్ ఆటోల్లో, సోలార్ స్టోరేజ్‌లో ఎక్కువగా కనిపించే ఎల్‌ఎఫ్‌పీ రకంలో ఆ పొడిని లిథియం, ఇనుము, ఫాస్ఫేట్‌తో చేస్తారు. లిథియం ఆస్ట్రేలియా గనుల్లో, చిలీ ఉప్పు ఎడారిలో దొరుకుతుంది. కానీ ప్రపంచ లిథియంలో సగానికి పైగా శుద్ధి అయ్యేది చైనాలో. ఎల్‌ఎఫ్‌పీ పొడి అయితే దాదాపు అంతా అక్కడిదే.

మా సాఫ్ట్‌వేర్‌లో దీన్ని డిపెండెన్సీ అంటాం. యాప్ మనదే. లోపల లైబ్రరీ ఇంకొకరిది. వాళ్లు తీసేస్తే మన యాప్ కూడా ఆగిపోతుంది.

ఇక్కడా అంతే. ఎల్‌ఎఫ్‌పీ సెల్ టెక్నాలజీ కోసం 2024 జూన్‌లో అమరరాజా ఒప్పందం చేసుకున్నది చైనా కంపెనీ గోషన్ హైటెక్ అనుబంధ సంస్థతో. ఏడాది తిరిగేసరికి, 2025 జూలైలో, ఎల్‌ఎఫ్‌పీ కాథోడ్ తయారీ టెక్నాలజీని బయటి దేశాలకు ఇవ్వాలంటే అనుమతి ఉండాల్సిందేనని చైనా రూల్ పెట్టింది. పొడి కొనుక్కోవచ్చు. చేసే విద్య మాత్రం అడిగితే ఇస్తారో లేదో వాళ్ల ఇష్టం.

విరుగుడు కూడా దివిటిపల్లిలోనే మొదలైంది. 2025 మేలో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇక్కడ కొత్త యూనిట్లకు శంకుస్థాపన చేశారు. వాటిలో కాథోడ్ మెటీరియల్ చేసే ఆల్ట్‌మిన్ ఉంది. పాత బ్యాటరీల నుంచి ఖనిజాలు వెనక్కి తీసే పనిలో ఉన్న లోహమ్ ఉంది. ఆ పొడి విద్య మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ల్యాబ్ ఎల్‌ఎఫ్‌పీ తయారీ పద్ధతిని సొంతంగా అభివృద్ధి చేసింది.

అయితే ల్యాబ్‌లో కిలోలు చేయడం వేరు, రోజూ టన్నులు ఒకే నాణ్యతతో చేయడం వేరు. దానికి కెమిస్ట్రీ, మెటీరియల్స్ తెలిసినవాళ్లు కావాలి. గాలిలో తేమ తగిలినా సెల్ పాడవుతుంది కాబట్టి డ్రై రూమ్‌లో ఓపిగ్గా మెషీన్ నడిపే ఐటీఐ, డిప్లొమా పిల్లలు కావాలి. మన కాలేజీల్లో సీట్లన్నీ కంప్యూటర్ సైన్స్ వైపు పోతుంటే వీళ్లెక్కడి నుంచి వస్తారు?

అందుకే ఇకపై ఎక్కడ ఫ్యాక్టరీ వస్తుందన్నా కోట్ల లెక్క ఒక్కటే చూడొద్దు. రెండు విషయాలు అడగాలె. లోపలికొచ్చే సరుకులో మన దేశంలో చేసింది ఎంత? మనోళ్లు మెషీన్ దగ్గర ఎంతమంది, గేటు దగ్గర ఎంతమంది?