గేరుపెట్టెకు రెండో జల్లెడ

అండమాన్ రాజధాని శ్రీవిజయపురంలో (2024 వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్) డెలానీపూర్ ఒక పేట. ఎగుడుదిగుడు రోడ్లున్న ఆ నగరంలో ఆటోమేటిక్ కారు నడిపేవారి ఎడమకాలిని గమనించండి. దానికి పనే ఉండదు! క్లచ్ పెడల్ లేదు. మరి గేర్లు మార్చేది ఎవరు?

నూనె! టార్క్ కన్వర్టర్ ఉన్న గేరుపెట్టెలో ఇంజను బలాన్ని నూనే అందుకుంటుంది. పంపు దాన్ని ఒత్తిడితో నెడితే, కవాటాలు అవసరమైన క్లచ్ వైపు మళ్ళిస్తాయి. ఆ నూనే పళ్ళచక్రాలను తడుపుతుంది, వేడినీ మోస్తుంది. వేడెక్కిన నూనె ఒక గొట్టం ద్వారా కూలర్‌కు వెళ్ళి, చల్లబడి మరో గొట్టంలో తిరిగి వస్తుంది.

క్లచ్ బిళ్ళలు అరిగితే పొడి రాలుతుంది. చక్రాల నుంచి ఉక్కు రజను వస్తుంది. ఇవి కవాటాల సన్నని సందుల్లో చిక్కుకుంటే గేరు ఆలస్యంగా పడుతుంది, కారు కుదుపుతుంది.

లోపల జల్లెడ ఉంది కదా, అది చాలదా? ఒక ప్రయోగం చేయండి. స్ట్రా చివర మందపాటి గుడ్డ కట్టి కొబ్బరినీళ్ళు పీల్చి చూడండి. ఎంత కష్టమో! లోపలి జల్లెడ పంపు పీల్చే వైపు ఉంటుంది. పీల్చేటప్పుడు నూనెను నెట్టేది వాతావరణ పీడనం మాత్రమే. జల్లెడ మరీ సన్నగా ఉంటే పంపుకు నూనె అందదు. అందుకే దాని కన్నాలు కాస్త పెద్దవి.

కూలర్ గొట్టంలో అయితే పంపే నూనెను నెడుతుంది. కాబట్టి అక్కడ మరింత సన్నని వడపోత పెట్టవచ్చు. దాన్ని తిరిగివచ్చే గొట్టానికే అమర్చాలి. అప్పుడు కూలర్‌లో పేరుకున్న మురికి కూడా గేరుపెట్టెలోకి చేరదు. కొన్నింటిలో అయస్కాంతం కూడా ఉంటుంది. అది ఇనుమును పడుతుంది, క్లచ్ పొడిని పట్టలేదు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. చాలా గేరుపెట్టెల్లో తిరిగివచ్చే ఈ నూనే చక్రాలను తడుపుతుంది. ఫిల్టర్ పూడుకుపోతే అవి ఎండిపోతాయి! అందుకే పక్కదారి కవాటం ఉన్న ఫిల్టర్ ఎంచుకోవాలి. పూడుకున్నప్పుడు అది తెరుచుకుని వడకట్టని నూనెనే వదులుతుంది. నూనె అసలే లేకపోవడం కన్నా మురికి నూనె నయం. ఫిల్టర్ మీది బాణం గుర్తు గేరుపెట్టె వైపు ఉండాలి. బిగింపుల దగ్గర కారకూడదు. గడువుకు ఫిల్టర్ మార్చాలి.

ఫిల్టర్ నలుసులనే ఆపుతుంది. వేడికి ఆక్సీకరణం చెందిన నూనెను బాగుచేయదు. కాబట్టి నూనె మార్పు తప్పదు. మామూలు గేరుపెట్టెకే మోటారుతో గేర్లు మార్చే ఏఎంటీ కార్లకు ఈ ఫిల్టర్ పనికిరాదు. వాటికి ఇలాంటి కూలర్ గొట్టాలే ఉండవు.

కొత్త గేరుపెట్టె కావాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావలసిన చోట, చిన్న ఫిల్టర్ విలువ పెద్దదే. పాత ఫిల్టర్ దొరికితే మెకానిక్‌తో కోయించి చూడండి. నల్లటి పొడి కనిపిస్తే అరిగింది క్లచ్. మెరిసే ఉక్కు ముక్కలు కనిపిస్తే? జవాబు మీరే చెప్పగలరు!