నడుము పూసలు విరిగినప్పుడు...

తాటిచెట్టు నుండి జారిపడిన గీత కార్మికుడు, మేడపై నుండి పడిన తాపీ పనివాడు, స్కూటరు గోతిలో పడగా ఎగిరిపడిన గృహిణి... వీరిని చుట్టుప్రక్కలవారు ఆదరంతో వెంటనే లేపి కూర్చోబెడతారు. ఒక్కొక్కప్పుడు ఆ ఆదరమే జీవితాంతం మంచాన పడవేస్తుంది.

నడుము భాగంలో ఐదు పూసలుంటాయి. కదలిక తక్కువగల ఛాతీ వెన్ను, సులువుగా వంగే నడుము కలిసే సంధిస్థానమే ఎక్కువగా దెబ్బతింటుంది. వెన్నుపాము సాధారణంగా నడుము మొదటి, రెండవ పూసల వద్ద ముగుస్తుంది. అక్కడి నుండి గుర్రపుతోక వంటి నాడుల కట్ట క్రిందికి సాగి, కాళ్ల కదలికను, మలమూత్ర విసర్జనను నియంత్రిస్తుంది.

సుశ్రుతాచార్యుడు కీలు తొలగుటను ఆరు విధాలుగాను, ఎముక విరుగుటను పన్నెండు విధాలుగాను విభజించాడు. వెన్ను దెబ్బలకు కపాటశయనం, అనగా పలకపై కదలకుండా బంధించి పరుండబెట్టుట, విధించాడు. నేటి ప్రథమ చికిత్సకు కూడ మూలసూత్రం కదిలించకపోవడమే.

ఏమి చేయాలి?

రోగిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తరాదు. నలుగురు కలిసి తల, వీపు, నడుము ఒకే వరుసలో ఉండునట్లు దొర్లించి బల్లపైకి చేర్చాలి. తైలమర్దనం, లాగుడు, నాటు కట్టు పూర్తిగా నిషిద్ధం. కాళ్లలో బలహీనత, మూత్రం బిగియుట, మలద్వారం చుట్టూ తిమ్మిరి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు.

శస్త్రచికిత్స ఎవరికి?

పూస కొద్దిగా నలిగి, నాడులు క్షేమంగా ఉంటే విశ్రాంతి, నడుము పట్టీతోనే చాలమందికి నయమవుతుంది. పూస ప్రక్కకు తొలగినా, ఎముక ముక్కలు నాడులను నొక్కుతున్నా శస్త్రచికిత్స అవసరం కావచ్చు. వీపు వైపు నుండి, దెబ్బతిన్న పూసకు పైన, క్రింద ఉన్న పూసలలో మరలు బిగించి, లోహపు కడ్డీలతో కలిపి, వెన్నును సరిచేస్తారు. ఈ మరల పద్ధతిని ఫ్రాన్సులో రాయ్-కామిల్ 1963లో ప్రారంభించాడు. అవసరమైతే నాడులపై ఒత్తిడి తొలగించి, ఎముక అతుకు కూడ వేస్తారు.

ఇందువల్ల రోగి త్వరగా లేచి కూర్చొనగలడు. పడకపుండ్ల బెడద తగ్గుతుంది. అయితే చచ్చుబడిన నాడులు తిరిగి కోలుకుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. చీము పట్టుట, మరలు వదులగుట వంటి ప్రమాదాలూ లేకపోలేదు.

ఆ తర్వాత...

పాలు, రాగిజావ, పప్పు, ఆకుకూరలు మేలు. నల్లేరు పచ్చడి మన పెద్దలు ఎముకల బలానికి తినిపించేవారు. దానిని ఆహారంగానే భావించాలి గాని శస్త్రచికిత్సకు ప్రత్యామ్నాయంగా కాదు. పొగత్రాగుట ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది, కనుక మానాలి. మూలికా ఔషధాలు వాడుతుంటే శస్త్రవైద్యునికి తప్పక తెలుపవలెను.