కటింగ్ ప్రాక్సీతో.. కలర్ ఒరిజినల్‌తో

ప్రాక్సీ అనే మాట మనకు కొత్తేమీ కాదు. రిజర్వుడు పంచాయతీలో గెలిచిన దళిత సర్పంచ్‌ను పక్కన కూర్చోబెట్టి, ఊరి పెత్తందారు పాలన నడపడం చూస్తూనే ఉన్నాం. వీడియో ఎడిటింగ్‌లోనూ ప్రాక్సీ ఉంది. ఇక్కడ అది మనకు సాయం చేసేదే. కాకపోతే చివరి మాట ఒరిజినల్‌దిగా ఉన్నంత వరకే.

ధర్నా అయినా, నిజనిర్ధారణ పర్యటన అయినా, అంబేద్కర్ జయంతి సభ అయినా ఇప్పుడు ఫోన్‌లోనే 4కెలో తీస్తున్నాం. ఎడిట్ చేసేది మాత్రం హాస్టల్ గదిలోని పాత లాప్‌టాప్‌లో. 4కె ఫ్రేములో 3840×2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఆ బరువుకు లాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తుంది. అందుకే అదే ఫుటేజ్‌కు తేలికైన నకలు చేసుకుంటాం. అదే ప్రాక్సీ. 1280×720 ప్రాక్సీలో ఉండేది తొమ్మిదో వంతు పిక్సెళ్లే. ఏ మాట ఉంచాలి, ఎక్కడ కోయాలి అని తేల్చుకోవడానికి అది చాలు.

రంగుల దగ్గరికి వచ్చేసరికి చాలదు. 10 బిట్ ఒరిజినల్‌లో ఒక్కో రంగుకు 1024 మెట్లు ఉంటాయి. 8 బిట్ ప్రాక్సీలో 256 మాత్రమే. ఫైల్ కుదించేటప్పుడు చీకటి భాగాల్లోని సూక్ష్మమైన తేడాలు తేలిగ్గా పోతాయి. రాత్రి సభలో, వీధి దీపం కింద మాట్లాడే నల్లని ముఖంలో గీతలు, చెమట, కంటి తడి ఉండేది ఆ తేడాల్లోనే. ప్రాక్సీ మీద వెలుతురు పెంచితే ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంది. ‘ఫుటేజే బాగా రాలేదు’ అనుకుని ఆ ముఖాన్ని మళ్లీ చీకట్లోకి తోసేస్తాం. ఒరిజినల్‌లో ఆమె ముఖం స్పష్టంగానే ఉండి ఉండవచ్చు.

ఈ పని మీద వివక్ష నీడ పాతదే. కొడాక్ కంపెనీ దశాబ్దాల పాటు ఫొటో ల్యాబులకు పంపిన ‘షిర్లీ కార్డు’ల మీద ఉన్నది తెల్లజాతి మహిళ బొమ్మ. ఆ చర్మమే కొలమానం. నల్లని మనుషుల ముఖాలు సరిగా రాకపోతే లోపం మనిషిదే అన్నట్టు సాగింది. ‘ఆటో కలర్’ నొక్కి ముఖాలను తెల్లబరచడం కూడా ఆ దారే. నిజానికి వెక్టర్‌స్కోప్‌లో అన్ని చర్మఛాయలూ దాదాపు ఒకే గీతకు దగ్గరగా పడతాయి. ప్రధానమైన తేడా వెలుతురులోనే. కాబట్టి నలుపును నలుపుగానే ఉంచి, అందులోని వివరం కనిపించేలా చేయడమే మన పని.

కటింగ్ అయ్యాక ఒరిజినల్‌కు మారండి. డావిన్చి రిజాల్వ్‌లో ప్లేబ్యాక్ మెనూలోని ప్రాక్సీ హ్యాండ్లింగ్‌లో ఒరిజినల్స్‌ను ఎంచుకోవాలి. ప్రీమియర్‌లో టోగుల్ ప్రాక్సీస్ బటన్ ఉంటుంది. లాప్‌టాప్ మోయలేకపోయినా భయం లేదు. రంగులు సరిచేయడానికి వీడియో ఆడుతూ ఉండాల్సిన పని లేదు. ఒక్కో షాట్‌లో ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. లాగ్‌లో తీసినట్లయితే ప్రాక్సీలో లట్‌ను కలిపేయొద్దు. అలా కలిపేస్తే ప్రాక్సీ మీద కుదిరిన రంగు ఒరిజినల్ మీద కుదరదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రాక్సీ వాడమనే టిక్కు ఉందేమో చూసి తీసేయండి.

మరో సంగతి మరవొద్దు. దాడి జరిగినప్పుడు తీసిన వీడియో రేపు కోర్టులో సాక్ష్యం కావచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. ఫైల్‌లో ఒక్క బిట్టు మారినా హ్యాష్ మారిపోతుంది. గ్రేడింగ్ చేసిన కాపీ జనానికి చూపించడానికి. కెమెరాలోంచి వచ్చిన ఫైల్‌ను మాత్రం ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించిన నకలే వెళుతుంది. అదీ ఒక ప్రాక్సీయే.

ప్రాక్సీ పోతే అయిదు నిమిషాల్లోనో, గంటలోనో మళ్లీ చేసుకోవచ్చు. ఒరిజినల్ పోతే ఆ ముఖం, ఆ మాట, ఆ సాక్ష్యం మూడూ పోతాయి.