కోడు చెప్పునది, చెప్పనిది

అడివివరము దాటి సింహగిరి ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుచు పైకేగు కారులో, డ్రైవరు కన్నుల యెదుట ఇంజను ఆకారముగల పసుపుపచ్చని దీపము చటుక్కున వెలిగినచో, పూర్వము బానెటు నెత్తి, చెవియొగ్గి, చేతితో తడిమి దోషమును గ్రహింపజూచిన మెకానిక్కు నేడు మొట్టమొదట చేయు పని స్టీరింగు క్రిందనున్న పదియారు పిన్నుల సాకెట్టునకు స్కానరు తగిలించుట. దీపము యజమానికి భయమును మాత్రమే కలిగించును; దాని కారణమును గూర్చి తనకు తోచినదానిని వాహనములోని కంప్యూటరు, అనగా మనవారు ఈసీఎం అని వ్యవహరించునది, ఒక కోడుగా తన స్మృతిలో లిఖించి యుంచును.

అమెరికాలో 1996 మోడళ్లనుండి ఈ సాకెట్టును, ఈ కోడులను నిర్బంధము చేయుటకు హేతువు వాయుకాలుష్య నివారణము. మన దేశమున 2020 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన బీఎస్ 6 నిబంధనలు కంప్యూటరు చేయు ఈ స్వయంపరీక్షను మఱింత కఠినము గావించినవి. కోడు పి అక్షరముతో మొదలైనచో ఇంజను, గేరుబాక్సులకును, సి ఐనచో బ్రేకులు, స్టీరింగు మొదలగువానికిని, బి ఐనచో బాడీకిని, యు ఐనచో వాహనములోని పలు కంప్యూటర్ల పరస్పర సంభాషణకును సంబంధించినదని తెలియవలెను.

పి 0118 అను కోడును పరిశీలింతము. ఇంజనును చల్లార్చు నీటి వేడిమిని కొలుచు సెన్సారు వేడెక్కినకొలది తన విద్యున్నిరోధమును తగ్గించుకొనును: మామూలు వాతావరణములో రమారమి రెండువేల ఓములుండునది కాగిన ఇంజనులో రెండు మూడు వందలకు దిగును. కంప్యూటరు ఐదు వోల్టులు పంపి, నిలిచిన వోల్టును బట్టి వేడిమిని లెక్కగట్టును. వైరు తెగినచో వోల్టు ఏమాత్రము తగ్గదు గనుక, నీరు గడ్డకట్టినదని దానికి తోచును. చందనోత్సవము నాడు కొండపై భక్తులు క్యూలో చెమటలు కక్కుచుండగా, క్రింద నిలిపిన కారులోని స్కానరు మైనస్ నలుబది డిగ్రీలని చూపును. (సెంటీగ్రేడు, ఫారన్‌హీటు మానములు రెండును సరిగా ఆ యంకె వద్దనే యేకమగుచున్నవి గావున, సాఫ్టువేరును ఏ మానమున నుంచినను ఆ వింతలో భేదముండదు.) ఇంతమాత్రమున సెన్సారు మార్చువారు కొల్లలు. తెలిసినవాడు కనెక్టరు నూడదీసి, దాని రెండు రంధ్రములను చిన్న తీగతో కలిపి చూచును: అంకె వెంటనే వేడిమి కొసకు ఎగిరినచో వైరును, కంప్యూటరును నిర్దోషులు, కదలనిచో వైరును వెదకవలెను. సముద్రపు ఉప్పుగాలి వీచు ఈ విశాఖ రేవుపట్టణమున రాగి పిన్నులకు చిలుము పట్టుట సర్వసాధారణము. దానిని గీకి శుభ్రము చేసిన మాత్రమున తీరిపోవు కోడులు అనేకములు.

కోడు సాక్షి వంటిది; చూచినది చెప్పును గాని తీర్పు చెప్పజాలదు.

యు 0100 వచ్చినప్పుడు, అనగా ఇంజను కంప్యూటరుతో మాట కలియుట లేదని తక్కినవి మొరపెట్టినప్పుడు, "ఈసీఎం పోయింది" అని తేల్చివేయుట తొందరపాటు. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతిలో, పెనవేసిన రెండు తీగలే ఈ కంప్యూటర్ల సంభాషణకు మార్గము. ఆ తీగల రెండు కొసలయందును నూటయిరువది ఓముల నిరోధకము చెరియొకటి యుండును. కాబట్టి బ్యాటరీ విప్పి, సాకెట్టులోని ఆఱవ, పదునాల్గవ పిన్నుల నడుమ మీటరుతో కొలిచినచో అరువది రావలెను. నూటయిరువది వచ్చినచో ఎక్కడనో ఒక వైపు తెగినదన్నమాట. గాజువాక ఆటోనగరులో కొన్ని వందల రూపాయలకు దొరకు మీటరు వేల రూపాయల మాడ్యూలును కాపాడగలదు. నీరసించిన బ్యాటరీ మఱియొక మాయ చేయును: సెల్ఫు కొట్టునప్పుడు వోల్టు పడిపోగా, పలు మాడ్యూళ్లు తలకొక కోడు వ్రాసికొని, స్కానరులో కోడుల పట్టిక బారుగా కనబడి యజమాని గుండె జారును. కావున మొదట బ్యాటరీ, ఎర్తు, పిదపనే కోడు. మాడ్యూలు సాఫ్టువేరును తిరిగి ఎక్కించునప్పుడు సైతము కరెంటు నిలకడగా నుండవలెను. నడుమ వోల్టు పడిపోయెనేని బాగున్న మాడ్యూలే పనికిరాకపోవచ్చును.

"గురూ, ఆ లైటు ఆర్పేయ్, చాలు" అని వాహనము అమ్మజూపు యజమాని చెప్పుట, మెకానిక్కు ఒక్క మీట నొక్కి కోడు చెరుపుట నిత్యము జరుగు తంతు. చెరిపినప్పుడు దోషము పోదు. కోడుతోపాటు, దోషము కనబడిన క్షణమున ఇంజను వేగమెంత, వేడిమియెంత అని కంప్యూటరు భద్రపరచిన వివరములు మాత్రము నశించును. స్వయంపరీక్షలన్నియు అసంపూర్ణమని చూపుచుండును గావున, కోడు ఇటీవలనే చెరుపబడెనని మఱియొక స్కానరు పసిగట్టగలదు కూడ. సెకండ్‌హ్యాండు కారు కొనువారికి ఇది మిక్కిలి ఉపయుక్తమైన సంగతి.

దీపము స్థిరముగా వెలిగినచో మెల్లగా షెడ్డునకు చేరవచ్చును. రెప్పలార్పుచు వెలిగినచో సిలిండరులో ఇంధనము సరిగా మండక పొగగొట్టములోని కెటలిస్టు చెడుచున్నదని అర్థము, అప్పుడు ఘాట్ ఎక్కరాదు. షెడ్డునకు వెళ్లినప్పుడు, కోడు చెరుపకమునుపే దాని యంకెను, దానితో నిలిచిన వివరములను కాగితముపై వ్రాయించుకొనుడు.