నర్సులకు అలర్ట్.. ఫీజు కడితే సరిపోదు, రెన్యువల్‌కు 150 గంటల క్లాసులు ఉండాల్సిందే!

నర్సింగ్ కోర్సు పూర్తయింది, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. ఇక జీవితాంతం ఢోకా లేదనుకుంటున్నారా? అలా కుదరదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు ఆ ఐదేళ్లలో 150 గంటల సీఎన్ఈ, అంటే నిరంతర నర్సింగ్ విద్య పూర్తి చేయాలి. ఏడాదికి లెక్కేస్తే 30 గంటలు.. నెలకు రెండున్నర గంటలే!

అసలు ఎందుకీ రూల్? ఒక్క సీపీఆర్ సంగతే చూడండి. గతంలో ముందుగా శ్వాస మార్గం సరిచేసి, ఊపిరి అందించి, ఆ తర్వాత ఛాతీపై నొక్కాలని నేర్పేవారు. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ వరుస మార్చేసింది. గుండె ఆగిన పెద్దవాళ్లకు ముందు ఛాతీపై నొక్కడమే మొదలుపెట్టాలని చెప్పింది. అంతకుముందు చదువుకున్న నర్సుకు ఈ మార్పు తెలియకపోతే పేషెంట్ విలువైన సెకన్లు కోల్పోతారు.

మరి ఏం చేయాలి?

* వర్క్‌షాప్‌లో చేరేముందే దానికి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. గుర్తింపు లేకుంటే ఆ గంటలు లెక్కలోకి రాకపోవచ్చు.
* ప్రతి సర్టిఫికెట్‌నూ జాగ్రత్తగా దాచుకోండి. ఫోన్‌లోనూ ఒక కాపీ పెట్టుకోండి.
* గంటలన్నీ చివరి ఏడాదికి వదిలేయొద్దు. నైట్ డ్యూటీల మధ్య 150 గంటలు ఒకేసారి పూర్తి చేయడం కష్టం.
* రెన్యువల్ అప్లికేషన్ వెళ్లేది రాష్ట్ర కౌన్సిల్‌కే. ఫీజు, కావాల్సిన పత్రాల వివరాలు అక్కడే చూసుకోండి.

రిజిస్ట్రేషన్ గడువు దాటితే ఉద్యోగం మారాలన్నా, విదేశాలకు వెళ్లాలన్నా ఇబ్బందే. మీ సర్టిఫికెట్‌పై గడువు తేదీ ఎప్పుడుందో ఈరోజే ఓసారి చూసుకోండి.